రాయిలో ఎవరి చోటెక్కడ?

2023 ఏప్రిల్‌లో పేపర్లలో ఒక వార్త వచ్చింది. అనంతపురం జిల్లా రాళ్ళలో 15 రకాల అరుదైన లోహాలు ఉన్నాయని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అదే మనందరం ఎన్‌జీఆర్‌ఐ అనేది, తేల్చింది. దంచెర్ల, పెద్దవడుగూరు, దండువారిపల్లె, పులికొండ అంటూ అంతవరకూ పక్క మండలానికి కూడా పెద్దగా తెలియని పేర్లు వార్తలకెక్కాయి. ఆ వార్త చదివిన వాళ్ళకు సహజంగా వచ్చే సందేహం ఒకటే. సెల్‌ఫోన్లకీ ఎలక్ట్రిక్ బళ్ళకీ గాలిమరలకీ కావలసిన లోహాలు మన నేలలోనే ఉంటే చైనా గుమ్మం ముందు ఎందుకు నిలబడాలి? తవ్వుకుంటే పోలా?

తవ్వుకోవచ్చు. అయితే ఆ వార్తలో లోహాల పేర్లతో పాటు ఇంకొన్ని పేర్లు కూడా ఉన్నాయి. అలనైట్, థోరైట్, మోనజైట్, అపటైట్, జిర్కాన్, పైరోక్లోర్... ఇవి ఖనిజాల పేర్లు. చదివేవాళ్ళు వీటిని దాటేసి వెళ్ళిపోతారు. అసలు కథ వీటిలోనే ఉంది. ఈ లోహాలు నేలలో విడిగా ఉండవు. ఏదో ఒక ఖనిజంలో, ఆ ఖనిజపు స్ఫటికంలో, పరమాణువులు కట్టిన ఏదో ఒక గూటిలో ఇరుక్కుని ఉంటాయి. నేలలో ఎంత ఉందన్నది ఒక లెక్క. ఏ గూట్లో ఉంది, ఎంత గట్టిగా ఉంది, పక్కన ఎవరున్నారు అన్నది ఇంకో లెక్క. తవ్వితే గిట్టుబాటవుతుందా లేదా అన్నది చాలావరకు ఈ రెండో లెక్కే తేలుస్తుంది. మన చర్చల్లో మాత్రం ఎప్పుడూ టన్నుల మాటే వినిపిస్తుంది.

నిజానికి ఈ కోవలో లెక్కపెట్టే మొత్తం 17 లోహాలూ అంత అరుదైనవేమీ కావు. భూమి పైపొరలో సీరియం ఇంచుమించు రాగి ఉన్నంత ఉంది. త్వరగా క్షీణించిపోయే ప్రొమీథియం సంగతి పక్కన పెడితే, అన్నిటికన్నా తక్కువగా ఉండే థూలియం, లుటీషియం కూడా బంగారానికి దాదాపు 200 రెట్లున్నాయి. చిక్కల్లా అవి ఒకచోట పోగుపడకపోవడమే. పోగుపడ్డ చోట కూడా ఒకదాన్నొకటి వదలకపోవడం అంతకన్నా పెద్ద చిక్కు.

ఒక శాతం తేడా

స్టాక్‌హోం దగ్గర ఒక దీవిలో ఇటర్బీ అనే ఊరుంది. 1787లో కార్ల్ ఆక్సెల్ అరేనియస్ అనే సైనికాధికారికి అక్కడి గనిలో బరువైన నల్లరాయి ఒకటి దొరికింది. 1794లో ఫిన్లాండ్ రసాయనవేత్త యోహాన్ గాడొలిన్ దాన్ని పరీక్షించి, ఇందులో ఎవరికీ తెలియని కొత్త పదార్థం ఉందన్నాడు. అక్కడ మొదలైన వేట ఓ కొలిక్కి రావడానికి నూరేళ్ళు దాటింది. కొత్త లోహం దొరికిందని సంబరపడే లోపే అది ఒకటి కాదు, రెండని తేలేది. 1841లో స్వీడన్‌కే చెందిన కార్ల్ గుస్తాఫ్ మొసాండర్ డిడిమియం అనే లోహాన్ని ప్రకటించాడు. నలభై ఏళ్ళకు పైగా అది మూలకంగానే చలామణీ అయింది. 1885లో వియన్నాలో కార్ల్ ఆవర్ దాన్ని ప్రసియోడిమియం, నియోడిమియం అని రెండుగా విడగొట్టాడు. గ్యాస్ దీపానికి మాంటిల్ కనిపెట్టింది కూడా ఈ ఆవరే. మన పెళ్ళి ఊరేగింపుల్లో నెత్తిన పెట్టుకుని మోసిన పెట్రోమాక్స్ లైట్లలో తెల్లగా వెలిగింది ఆ మాంటిలే. థోరియం భస్మంలో చిటికెడు సీరియం కలిస్తే వచ్చే వెలుగది.

అన్నిటినీ మించిన ఓపిక అమెరికాలో పనిచేసిన రసాయనవేత్త చార్లెస్ జేమ్స్‌ది. శుద్ధమైన థూలియం కోసం ఆయన దాని లవణాన్ని కరిగించి, స్ఫటికాలు కట్టించి, మళ్ళీ కరిగించి, మళ్ళీ కట్టించి, అలా 15,000 సార్లు చేశాడు. ఇది 1911 నాటి మాట.

ఎందుకింత కష్టం? లాంథనం నుంచి లుటీషియం దాకా వరసలో అడుగు ముందుకేసిన ప్రతిసారీ కేంద్రకంలో ఒక ప్రోటాను పెరుగుతుంది. దానికి జోడీగా ఒక ఎలక్ట్రానూ పెరుగుతుంది. వేరే మూలకాల్లో అయితే ఆ కొత్త ఎలక్ట్రాను సాధారణంగా బయటి అంచులో చేరి స్వభావాన్నే మార్చేస్తుంది. వీటిలో మాత్రం లోపలి కక్ష్యలోకి పోయి దాక్కుంటుంది. రసాయన బంధాల వ్యవహారమంతా బయటి ఎలక్ట్రాన్లదే. అందుకని పైకి అన్నీ ఒకే తీరు. అన్నీ మూడేసి ఎలక్ట్రాన్లు వదులుకుని మూడు ధనావేశాలున్న అయాన్లుగా మిగులుతాయి.

తేడా ఒక్కచోటే ఉంది. లోపల దాక్కున్న ఎలక్ట్రాన్లు కేంద్రకం ఆకర్షణకు సరిగ్గా అడ్డుపడలేవు. వరసలో ముందుకు పోయేకొద్దీ కేంద్రకం పట్టు బిగుస్తుంది, అయాను కాస్త కాస్తగా చిన్నదవుతుంది. నార్వేలో పనిచేసిన విక్టర్ గోల్డ్‌ష్మిట్ 1925లో దీనికి లాంథనైడ్ కాంట్రాక్షన్ అని పేరు పెట్టాడు. మనం లాంథనైడ్ల కుదింపు అనుకుందాం. చుట్టూ ఎనిమిది ఆక్సిజన్లున్నప్పుడు లాంథనం అయాను వ్యాసార్థం 0.116 నానోమీటరు. లుటీషియంది దాదాపు 0.098. ఈ చివరి నుంచి ఆ చివరికి, 14 అంగల్లో, తగ్గింది సుమారు 16 శాతం. అంటే పక్కపక్కనున్న రెంటి మధ్య తేడా ఒక శాతానికి అటూ ఇటూ.

నీళ్ళలో కరిగించి విడదీయాలనుకునే రసాయనవేత్తకు ఈ ఒక శాతం ప్రాణసంకటం. ఖనిజ శాస్త్రవేత్తకు మాత్రం ఇదే పట్టుకొమ్మ. స్ఫటికం కొలతల దగ్గర మొహమాటపడదు. తన గూటికి సరిపోయిన అయానును రానిస్తుంది, సరిపోనిదాన్ని బయటే ఉంచుతుంది.

గ్రీన్‌లాండ్ స్ఫటికాల్లో నాలుగో ఖనిజం

ఈ లోహాల ఖనిజాల్లో బజారు విలువ ఎక్కువున్నది బాస్ట్‌నజైట్. స్వీడన్‌లోని బాస్ట్‌నాస్ గనుల పేరే దానికి పెట్టారు. 1949లో కాలిఫోర్నియా ఎడారిలోని మౌంటెన్ పాస్ దగ్గర యురేనియం కోసం గైగర్ కౌంటర్ పట్టుకు తిరుగుతున్నవాళ్ళకు దొరికింది ఈ ఖనిజమే. చైనాలో బయాన్ ఓబో గని బతుకుతున్నది కూడా ప్రధానంగా దీని మీదే. సీరియం, ఫ్లోరిన్, కార్బొనేట్ కలిసిన ఖనిజం ఇది. దీనికి ఇద్దరు చుట్టాలున్నారు. ఒకటి పారిసైట్. దీనికి ఫ్రాన్స్ రాజధానితో సంబంధం లేదు. కొలంబియాలోని ముసో పచ్చల గనిని నడిపిన జె. జె. పారిస్ పేరు మీద 1845లో బున్‌సెన్ పెట్టిన పేరు. రెండోది సింకిసైట్. మొదట్లో దీన్ని పారిసైట్ అనే పొరబడ్డారు. ఈ చుట్టాలిద్దరిలోనూ బాస్ట్‌నజైట్‌లో ఉన్నవన్నీ ఉంటాయి, అదనంగా కాల్షియం ఉంటుంది.

అదనంగా ఎంత ఉంటుందన్న దగ్గర వచ్చింది పేచీ. స్ఫటికాన్ని పొడి చేసి యాసిడ్‌లో కరిగించి పరీక్షిస్తే మొత్తం మీద సగటు ఎంతో తెలుస్తుంది. ఆ స్ఫటికంలో రెండు ఖనిజాలు కలిసిపోయి ఉంటే ఆ సగటు దేనిదీ కాదు. పైకి చూస్తే ఒకే స్ఫటికం, నునుపైన ముఖాలు, ఎక్కడా అతుకు కనపడదు. ఇలాంటి చోట రసాయన పరీక్షతో పని జరగదు. లోపల వరసలు ఎలా ఉన్నాయో చూడాలి.

ఆ పని చేసింది గాబ్రియెల్ డానే. 1920లో జర్మనీలో పుట్టిన ఈమె హిట్లర్ రోజుల్లో, 1937లో అమెరికా చేరింది. కెమిస్ట్రీ చదివి, ఎంఐటీలో మార్టిన్ బర్గర్ దగ్గర స్ఫటిక నిర్మాణం మీద పరిశోధన చేసి 1949లో డాక్టరేట్ తీసుకుంది. టూర్మలీన్ అనే చిక్కుముడి లాంటి రత్నంలో పరమాణువుల అమరికను విప్పిన వ్యాసం పెళ్ళికి ముందు ఇంటిపేరు, హాంబర్గర్‌తో వచ్చింది. ఆమెను పెళ్ళాడిన జోసే డానే బెల్జియంలో పుట్టినవాడు, బాల్టిమోర్‌లో స్ఫటికశాస్త్రం చెప్పే ప్రొఫెసర్. భార్యాభర్తలిద్దరూ కలిసి దక్షిణ గ్రీన్‌లాండ్‌లోని నార్సార్సుక్ నుంచి వచ్చిన చిన్న చిన్న స్ఫటికాలను ముందేసుకున్నారు.

వాళ్ళ చేతిలో ఉన్న పనిముట్టు ఎక్స్-రే. స్ఫటికంలో పరమాణువులు ఒక నమూనాలో అమరి ఉంటాయి, ఆ నమూనా అటూ ఇటూ మళ్ళీ మళ్ళీ వస్తుంది. అలాంటి స్ఫటికం గుండా ఎక్స్-రే కిరణాన్ని పంపితే అవతల ఫిల్ము మీద చుక్కల వరసలు పడతాయని 1912లో జర్మనీలో మాక్స్ ఫాన్ లావే బృందం చూపించింది. ఆ చుక్కల్లో ఒక తమాషా ఉంది. స్ఫటికంలో నమూనా తిరిగి వచ్చే దూరం ఎంత పెద్దదైతే ఫిల్ము మీద చుక్కలు అంత దగ్గర దగ్గరగా పడతాయి. గాబ్రియెల్ గురువు బర్గర్ ఈ చుక్కలు వంకర టింకరగా కాకుండా తిన్నని వరసల్లో పడేలా ప్రిసెషన్ కెమెరా అనే యంత్రాన్ని తయారుచేశాడు. దాంతో స్కేలు పెట్టి దూరాలు కొలుచుకోవడం తేలికైంది.

చుక్కలు చెప్పిందేమిటో తెలియాలంటే పూలమాల కట్టే మనిషి దగ్గర కాసేపు కూర్చోవాలి. ఆమె ముందు రెండు బుట్టలున్నాయి, ఒకదాన్లో మల్లెలు, రెండోదాన్లో కనకాంబరాలు. అన్నీ మల్లెలే గుచ్చితే ఒక రకం మాల. అన్నీ కనకాంబరాలైతే ఇంకో రకం. ఒక మల్లె, ఒక కనకాంబరం, మళ్ళీ ఒక మల్లె, ఒక కనకాంబరం అని పోతే మూడో రకం. బుట్టలు రెండే అయినా మాలలు రకరకాలు. ఏ మాల ఏదో పూలను చూస్తే తెలియదు, ఎన్ని పూలకొకసారి లెక్క మళ్ళీ మొదలవుతుందో చూడాలి.

ఈ ఖనిజాల్లో మల్లె లాంటిది ఒక పలచని పొర. సీరియం, ఫ్లోరిన్, ఒక వంతు కార్బొనేట్ ఉన్న ఆ పొర మందం 0.49 నానోమీటరు. కనకాంబరం లాంటిది కాస్త మందమైన పొర. ఇందులో సీరియం, ఫ్లోరిన్‌తో పాటు కాల్షియం, రెండు వంతుల కార్బొనేట్ ఉంటాయి, మందం 0.91 నానోమీటరు. మొత్తం పలచని పొరలే అయితే బాస్ట్‌నజైట్. మొత్తం మందపు పొరలే అయితే సింకిసైట్. ఒకటి విడిచి ఒకటి పేరిస్తే పారిసైట్. దాని కొలత 0.49, 0.91 కలిపి 1.40 నానోమీటర్లు రావాలి. ఫిల్ము మీద చుక్కల దూరం కొలిస్తే సరిగ్గా అదే వస్తుంది.

కానీ గ్రీన్‌లాండ్ స్ఫటికాల ఫిల్ములో ఈ మూడింటికీ చెందని చుక్కలు కూడా ఉన్నాయి. అవి మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. లెక్క వేస్తే తేలిన కొలత 2.31 నానోమీటర్లు. అంటే ఒక పలచని పొరకు రెండు మందపు పొరలు. 0.49కి రెండుసార్లు 0.91 కలిపి చూసుకోండి. ఒక మల్లెకు రెండు కనకాంబరాల మాల అది. అప్పటిదాకా ఖనిజాల పట్టికలో లేనిది. పొరల వరస తెలిసిపోయింది కాబట్టి రసాయన సూత్రం కూడా చేతికొచ్చినట్టే: మూడు సీరియం, రెండు కాల్షియం, అయిదు కార్బొనేట్, మూడు ఫ్లోరిన్. పొడి చేసి కరిగించక్కర్లేదు, పొరలు లెక్కపెడితే చాలు.

ఎక్స్-రే లేకపోతే ఈ ఖనిజం ఉందనే తెలిసేది కాదు. అందుకే ఎక్స్-రేలు కనుగొన్న రోంట్‌గెన్ పేరు మీద దానికి రోంట్‌గెనైట్ అని పెట్టారు. 1953లో అమెరికన్ మినరాలజిస్ట్ పత్రికలో భార్యాభర్తల వ్యాసం వచ్చింది. ఆ ఖనిజం మూల నమూనా హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉంది.

ఆ వ్యాసంలో కొత్త ఖనిజం కన్నా ఎక్కువ కాలం నిలిచిన విషయం ఇంకొకటి ఉంది. ఆ స్ఫటికాలు మాల కట్టే మనిషి దారం తెంపకుండా మధ్యలో లెక్క మార్చేసినట్టు ఉన్నాయి. కొంతదూరం పారిసైట్, తర్వాత సింకిసైట్, మధ్యలో రోంట్‌గెనైట్, అక్కడక్కడ బాస్ట్‌నజైట్. సీరియం పొరలు అన్నిట్లోనూ ఒకే కొలతలో ఉంటాయి కాబట్టి ఒక లెక్క ఆగి ఇంకో లెక్క మొదలైన చోట పగులు రాదు, గీత పడదు. బయటి నుంచి చూస్తే ఒకే స్ఫటికం, లోపల మాత్రం నాలుగు ఖనిజాలు. డానేలు దీన్ని పాలీక్రిస్టల్ అన్నారు. బహుస్ఫటికం అనుకోవచ్చు. ఇవి పెరుగుతున్నప్పుడు చుట్టూ ఉన్న వేడినీటిలో కాల్షియం పాలు ఏ కాస్త మారినా ఆ మార్పు పొరల వరసలో నమోదైపోతుంది.

1975లో బెల్జియంలో ఫాన్ లాండౌట్, అమెలింక్స్ ఇదే కుటుంబపు ఖనిజాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టి పొరలను నేరుగా ఫొటో తీశారు. నాలుగు లెక్కలే కాదు, ఇంకా కొత్త కొత్త లెక్కలు బయటపడ్డాయి. పొరల పేర్పు డానేలు చెప్పినట్టే ఉంది. అయితే పొరలోపల ప్రతి పరమాణువు ఎక్కడుందో కచ్చితంగా తేల్చడానికి మరికొంత కాలం పట్టింది. యున్‌షియాంగ్ నీ, జాన్ హ్యూస్, ఆంథనీ మరియానో 1993లో బాస్ట్‌నజైట్ సంగతి తేల్చారు. మరుసటి ఏడు సింకిసైట్ వంతు వచ్చింది. పారిసైట్ నిర్మాణం 2000లో గానీ పూర్తిగా విడిపోలేదు. షడ్భుజి సౌష్ఠవం ఉందనుకున్న సింకిసైట్, పారిసైట్ రెండూ లోపల ఒకవైపుకి వాలి ఉన్నాయని అప్పుడు తెలిసింది. కార్బొనేట్ గుంపులు నిలబడిన తీరు వల్ల పొరమీద పొర కాస్త పక్కకి జరుగుతుంది. 1953 నాటి ఫిల్ముల్లో అంత సూక్ష్మం పట్టుబడలేదు. అందులో వింతేమీ లేదు, వీటిలో శుద్ధమైన ఒకే ఖనిజపు ముక్క దొరకడమే గగనం.

గాబ్రియెల్ డానే తర్వాత కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి 1987లో చనిపోయింది. ఆమె పేరు మీద గైడొనాయైట్, దంపతులిద్దరి పేరు మీద డొనాయైట్ అనే ఖనిజాలున్నాయి. రెండోది ఇట్రియం ఉన్న కార్బొనేట్, అంటే అరుదైన లోహాల ఖనిజమే.

భీమిలి ఇసుకలో తొమ్మిది ఆక్సిజన్లు

ఇక మన తీరానికి వద్దాం. మనకు బాస్ట్‌నజైట్ కన్నా మోనజైట్‌తోనే పని. భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు ఒడ్డున అలలు వెనక్కి లాగిన చోట నల్లటి చారలు కనిపిస్తాయి. నలుపు ఇల్మనైట్‌ది, అక్కడక్కడ ఎరుపు గోమేదికపు ఇసుకది. వాటి మధ్య భూతద్దం పెట్టి వెతికితే తేనె రంగులో, గుండ్రంగా అరిగిన రేణువులు అక్కడొకటి ఇక్కడొకటి కనపడతాయి. మామూలు ఇసుకకు దాదాపు రెట్టింపు బరువు. తూర్పు కనుమల రాళ్ళు శిథిలమై, వాగుల వెంట కొట్టుకొచ్చి, తేలికవి అలలకు పోగా మిగిలినవి. విశాఖ జిల్లా సముద్రతీరపు ఇసుకలో మోనజైట్ ఉందని 1948లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి సి. మహదేవన్, ఎ. శ్రీరామదాస్ వ్యాసం రాశారు. మహదేవన్ సి. వి. రామన్ దగ్గర ఎక్స్-రేల పని నేర్చుకుని వచ్చి వాల్తేరులో భూగర్భశాస్త్ర శాఖను మొదలుపెట్టినాయన. ఇప్పుడు హైదరాబాద్ బేగంపేటలోని అణు ఖనిజాల డైరెక్టరేట్ లెక్క ప్రకారం దేశం మొత్తం మీద కోటీ 30 లక్షల టన్నులకు పైగా మోనజైట్ ఉంది. అందులో అన్ని రాష్ట్రాల్లోకీ పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే.

మోనజైట్ ఫాస్ఫేట్ ఖనిజం. అందులో ప్రతి ఫాస్ఫరస్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు బిగుసుకుని ఉంటాయి. ఈ ఫాస్ఫేట్ గుంపుల మధ్య ఖాళీల్లో అరుదైన లోహాల అయాన్లు కూర్చుంటాయి. ఒక్కో అయానును తొమ్మిది ఆక్సిజన్లు చుట్టుముట్టి ఉంటాయి. అయిదు నడుము చుట్టూ పంచభుజిలా, మిగతా నాలుగు పైనా కిందా. ఇది ఎగుడు దిగుడు గూడు, సౌష్ఠవం తక్కువ. జెనోటైమ్ అనే ఇంకో ఖనిజం ఉంది. అదీ ఫాస్ఫేటే, సూత్రం కూడా అదే. కానీ అందులో అయాను చుట్టూ ఉండేవి ఎనిమిది ఆక్సిజన్లే, గూడు కూడా చక్కగా తీర్చినట్టుంటుంది.

ఒకే సూత్రానికి రెండు గూళ్ళెందుకు? ఇంతకుముందు చెప్పుకున్న నీ, హ్యూస్, మరియానోలే దీన్నీ వరసగా కొలిచి చూశారు. ఒక్కో లోహానికీ ప్రయోగశాలలో ఫాస్ఫేట్ స్ఫటికం పెంచి, ఎక్స్-రేతో పరీక్షించి, 1995లో ఫలితాలు ప్రచురించారు. లాంథనం మొదలు గాడొలినియం దాకా అన్నీ తొమ్మిది ఆక్సిజన్ల గూటికే వెళ్ళాయి. టెర్బియం నుంచి లుటీషియం దాకా అన్నీ ఎనిమిదింటికి సర్దుకున్నాయి. అయాను కుదించుకుపోతూ పోతూ ఒక దశ వచ్చేసరికి దాని చుట్టూ తొమ్మిదో ఆక్సిజనుకు చోటు చాలదు. అప్పుడు మొత్తం అమరికే మారిపోతుంది. ఒక్కో శాతంగా కూడుకుంటూ వచ్చిన కుదింపు గాడొలినియం, టెర్బియంల మధ్య గీత గీసేస్తుంది.

మోనజైట్ గూట్లో పిలవని అతిథి ఒకటి ఉంటుంది, థోరియం. కొలతలో సీరియానికి దగ్గరే, కానీ ఆవేశం మూడు కాదు నాలుగు. ఆ ఎక్కువైన ఒక్కదాన్ని సరిచేయడానికి స్ఫటికం రెండు ఉపాయాలు పన్నుతుంది. పక్క గూట్లో సీరియం బదులు రెండే ఆవేశాలున్న కాల్షియాన్ని పెట్టడం ఒకటి. ఫాస్ఫరస్ బదులు సిలికాన్‌ను పెట్టడం రెండోది. మొదటి ఉపాయం బాగా ముదిరితే వచ్చే ఖనిజాన్ని పాత తిరువాన్కూరు సంస్థానంలో గుర్తించి చేర రాజ్యం పేరు మీద చెరలైట్ అన్నారు. అది కూడా 1953లోనే. మన మోనజైట్‌లో థోరియం భస్మం 8 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. అణుశక్తి చట్టాలు దీన్ని ఎవరు పడితే వాళ్ళు ముట్టుకోనివ్వనిది అందుకే.

థోరియం కోట్ల ఏళ్ళుగా రేడియోధార్మిక కణాలను వదులుతూనే ఉంటుంది. ఆ తాకిడికి చాలా ఖనిజాల అల్లిక చెదిరిపోయి గాజు ముక్కలా తయారవుతుంది. జిర్కాన్ అలా అవుతుంది. ఇటర్బీలో దొరికిన ఆ నల్లరాయి, గాడొలినైట్, కూడా అంతే. మోనజైట్ మాత్రం దెబ్బ తగిలిన చోట తక్కువ వేడిలోనే తనంతట తాను సర్దుకుంటుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో లిన్ బోట్‌నర్ ఈ గుణాన్ని చూసే, అణు విద్యుత్ కేంద్రాల వ్యర్థాలను మోనజైట్ లాంటి స్ఫటికంలో బంధించి పాతిపెట్టవచ్చని వాదించాడు. నాకు ఈ ఆలోచన ముచ్చటగానే అనిపిస్తుంది. కానీ లోహం బయటికి తీయాలనుకునేవాడికి ఇదే గుణం శాపం. లక్షల ఏళ్ళు వాన, ఎండ, ఉప్పునీళ్ళు కలిసి విడదీయలేకపోయిన రేణువును మనం పగటిపూట షిఫ్టులో విడదీయాలి.

గూడు విప్పే ఖర్చు

బాస్ట్‌నజైట్ కార్బొనేట్ కాబట్టి కాస్త మెత్తనిది. వేడి చేస్తే కార్బన్ డై ఆక్సైడ్ వెళ్ళిపోయి అల్లిక సడలుతుంది, ఆ తర్వాత యాసిడ్‌కు లొంగుతుంది. థోరియం కూడా తక్కువే. మోనజైట్‌కు ఆ దారి పనికిరాదు. మెత్తగా నూరి, గాఢమైన కాస్టిక్ సోడాలో ఉడకబెట్టి ఫాస్ఫేట్‌ను ముందు విడగొట్టాలి. లేదా వేడి గంధకామ్లం పోయాలి. 1950లో పుట్టిన ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ కేరళలోని ఆలువలో సోడా దారి పట్టింది. ఉడకబెట్టాక థోరియాన్ని వేరుచేసి జాగ్రత్తగా దాచాలి. అప్పుడు మొదలవుతుంది ఒకదాన్నుంచి ఒకదాన్ని విడదీసే యాతన. ఇప్పుడు దాన్ని 15,000 సార్లు స్ఫటికాలు కట్టించి కాకుండా వరసగా పెట్టిన తొట్టెల్లో నూనె లాంటి ద్రావకాలతో చేస్తారు. ఒక శాతం తేడాను ఒక్కో తొట్టెలో కాస్త కాస్తగా పెంచుకుంటూ పోవడమే అందులోని కిటుకు.

అనంతపురం వార్తలో మొదట కనిపించిన అలనైట్ పరిస్థితి ఇంకా ఇబ్బంది. అది సిలికేట్. యాసిడ్ పోస్తే సిలికా జిగురులా గడ్డకట్టి వడపోతను అడ్డుకుంటుంది. లోహం పాలు కూడా మోనజైట్‌లో ఉన్నంత ఉండదు. ప్రపంచంలో చాలాచోట్ల అలనైట్ ఉన్నా పెద్ద గనులు దాన్ని నమ్ముకోకపోవడానికి కారణం ఇదే. జిర్కాన్‌లోనూ అపటైట్‌లోనూ ఈ లోహాలు ఏదో కొద్దిగా దూరి ఉంటాయి, అంతే. కాబట్టి ఏ రాయిలో ఎంత ఉందన్న వార్త వచ్చినప్పుడు ఆ లోహం ఎక్కువ పాలు ఏ ఖనిజంలో ఉందో ముందు అడగాలి.

అసలు ఏ గూటిలోనూ లేని చోటు కూడా ఒకటుంది. దక్షిణ చైనాలోని జియాంగ్షీలో వానలకు గ్రానైట్ కొండలు కుళ్ళి బంకమట్టి అయ్యాయి. అందులోని ఖనిజాలు కరిగిపోయి, విడుదలైన అయాన్లు బంకమట్టి రేణువుల పైన అంటుకుని ఉండిపోయాయి. అక్కడ నూరక్కర్లేదు, ఉడికించక్కర్లేదు. అమ్మోనియం సల్ఫేట్ కలిపిన నీళ్ళు పోస్తే అమ్మోనియం వాటి చోటు తీసుకుని వాటిని నీళ్ళలోకి తోసేస్తుంది. మట్టిలో లోహం పాలు చాలా తక్కువైనా గిట్టుబాటు కావడానికి కారణం అది. ఆ సులువుకు కొండలు బోడయ్యాయి, వాగుల్లోకి అమ్మోనియా చేరింది. పైగా ఈ మట్టిలో ఎక్కువగా దొరికేవి ఇట్రియం, డిస్ప్రోసియం లాంటి బరువైన వరసలోని లోహాలు.

మన తీరంలో ఎంత మోనజైట్ ఉన్నా తీరని కొరత ఇక్కడే. మోనజైట్‌లోని అరుదైన లోహాల్లో సగానికి దగ్గరగా సీరియం, ఐదో వంతుకు అటూ ఇటూ లాంథనం, దాదాపు అంతే నియోడిమియం. ఎలక్ట్రిక్ బండి మోటారులోని అయస్కాంతానికి నియోడిమియం కావాలి, అది మనకుంది. కానీ మోటారు వేడెక్కినప్పుడు ఆ అయస్కాంతం బలం పోగొట్టుకోకుండా ఉండాలంటే కొద్దిగా డిస్ప్రోసియమో టెర్బియమో కలపాలి. ఆ రెండూ ఎనిమిది ఆక్సిజన్ల గూటివి. మోనజైట్ వాటిని అంతంత మాత్రమే రానిచ్చింది. మన దేశంలో వాటి కోసం వెతకాల్సింది ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ నదుల ఇసుకలోని జెనోటైమ్‌లో. అది సముద్రపు ఒడ్డున మోనజైట్ ఉన్నంత విరివిగా లేదు.

2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతి అనుమతుల కింద పెట్టిన ఏడు లోహాల జాబితాను ఈ కొలత పట్టుకుని చదివి చూడండి. సమేరియం, గాడొలినియం, టెర్బియం, డిస్ప్రోసియం, లుటీషియం, స్కాండియం, ఇట్రియం. ఇందులో సమేరియం, గాడొలినియం మాత్రమే తొమ్మిది ఆక్సిజన్ల గూటివి, అవీ మోనజైట్‌లో కొద్దికొద్దిగా ఉంటాయి. సీరియం, లాంథనం, నియోడిమియం ఆ జాబితాలో లేవు.